మా ఇంట్లో ‘బట్టా’ అన్న మాట

మీ పెద్దమ్మ దేశం తరఫున క్రికెట్ ఆడిందని చెప్తే మన పై గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళు నమ్మరు. వాళ్ళను అనాల్సిన పని లేదు. కిష్టారెడ్డిపేట స్కూల్లో అపార్ట్‌మెంట్ల పిల్లలకు ఆటలు నేర్పే టీచరమ్మ, పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వ్యాన్ కోసం నిలబడే మనిషి. ఆమెను చూసి ఎవరైనా ఏం ఊహించుకుంటారు? మొన్న మందుల కంపెనీలో పనిచేసే ఒడిశా ఆయన ఫోన్లో ఎక్కడో ఆమె ఫోటో చూసి కిందికి దిగి వచ్చాడు. “అమ్మా, మేడమ్ సచ్‌ముచ్ ఇండియా కే లియే ఖేలీ?” అన్నాడు. ఆడింది అన్నాను. “ఫిర్ ఛోడ్ క్యూఁ దియా?” అన్నాడు. నాకొచ్చిన హిందీకి ఆ జవాబు అందదు. పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాను.

మరి ఎందుకు మానేసిందని నువ్వు కూడా అడిగావు కాబట్టి చెప్తాను, రాసుకో. నేను మాట్లాడినట్టు కాదు, పుస్తకాల్లో ఉన్నట్టు రాయి. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే ఉంచు. వాటిని దిద్దితే మా అత్త సమాధిలోంచి లేచి వస్తుంది.

ముందు మా అత్త సంగతే చెప్పాలి. మీ తాత పటాన్‌చెరులో మందుల కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ చేసేవాడు. మేము ఇస్నాపూర్‌లో ఇదే ఇంట్లో ఉండేవాళ్ళం, అప్పుడు ఇది కింది గదులే. ఇంటి వెనక ఖాళీ ప్లాట్లు. స్కూలు వదలగానే గల్లీ పిల్లలంతా అక్కడ క్రికెట్ ఆడేవాళ్ళు. నా ఇద్దరు ఆడపిల్లల్లో మీ అమ్మకు బొమ్మలు, మీ పెద్దమ్మకు బంతి. ఏడో తరగతిలో ఉండగానే పెద్ద పిల్లల్ని కూడా ఔట్ చేసేది. ఆమె బంతి నేల మీద పడ్డాక పక్కకు తిరిగేదట. ఎటు తిరుగుతుందో మగపిల్లలకు అంతు దొరికేది కాదు. ఔటైన ప్రతివాడూ బ్యాటు నేలకేసి కొట్టి “బట్టా, బట్టా” అని అరిచేవాడు.

ఆ మాట ఇప్పుడు మనింట్లో అందరికీ తెలుసు. చేయి మోచేతి దగ్గర వంచి, రాయి విసిరినట్టు బంతి విసిరితే గల్లీలో దాన్ని బట్టా అంటారు. అంటే అది సరైన బౌలింగ్ కాదు, తొండి అని. అప్పుడు మాకేం తెలుసు? మా ఇంట్లో బట్ట అంటే కట్టుకునే బట్టే.

అత్త వెనక గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చునేది. ఒకరోజు చేట పక్కన పెట్టి నన్ను పిలిచింది.

“ఏందే, నీ చెవులల్ల దూది పెట్టుకున్నవా? మొగపోరగాండ్లు పిల్లను పట్టుకొని బట్ట బట్ట అని ఒర్లుతున్నరు.”

“ఏడనన్న చినిగిందేమో అత్తమ్మా.”

“చినగలే. సూసి వచ్చిన. భుజాల కాడికి చేతులున్నయ్ గా అంగికి. ఎత్తి ఏస్తుంటే చంకలదాక కనబడుతున్నది. గదే వాళ్ళ లొల్లి. రేపు చర్చిల నన్ను అడుగుతరు, నిన్ను అడగరు.”

మా అత్తతో వాదించి గెలిచిన మనిషిని నేను చూడలేదు. నాకు కుట్టుమిషన్ ఉండేది, చుట్టుపక్కల వాళ్ళకు జాకెట్లు, స్కూలు డ్రెస్సులు కుట్టేదాన్ని. మిగిలిన తెల్లగుడ్డతో నిండు చేతుల అంగి ఒకటి కుట్టాను. మణికట్టు దగ్గర గుండీ పెట్టాను. చేయి తిప్పాలి కదా అని మోచేయి దగ్గర బాగా వదులుగా వదిలాను. మర్నాడు అది వేసుకుని ఆడింది. ఒక్కడూ అరవలేదు. అంత వదులు చేతుల్లో మోచేయి వంగిందో లేదో ఎవడికి కనిపిస్తుంది? మా అత్తకు మాత్రం లోకం తన చేతిలోకి వచ్చినట్టయింది.

“సూసినవా? నిండుగ ఏసుకుంటే ఎవ్వని నోరు లేవది.”

ఈ మాట చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటమిలో కూడా చెప్పింది. ఆడపిల్లలున్న ఇద్దరు తల్లులు నా దగ్గరికొచ్చి అలాంటి అంగీలే కుట్టించుకున్నారు.

తర్వాత కోచ్ సాబ్ వచ్చాడు. ఆయన ఒక మిషన్ల కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. పటాన్‌చెరు వైపు కంపెనీ గ్రౌండ్ ఒక మూల వల కట్టి పిల్లలకు నేర్పేవాడు. మీ పెద్దమ్మ బంతి ఎక్కడ చూశాడో, ఒక సాయంత్రం ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

“అమ్మా, ఈ బిడ్డ చేతిల ఏదో ఉన్నది. ఇస్కూల్ అయినంక నా దగ్గరికి తోలుండ్రి. పొద్దుగూకక ముందే, మగ్రిబ్ నమాజ్ లోపల ఇంటికాడ దించుత.”

మీ తాత సరే అన్నాడు. అత్త లోపల్నించే షరతు పెట్టింది. “ఆదివారం ఆరాధన అయ్యేదాక రాదు. ఇంగొకటి, అంగి చేతులు మడిచేది లేదు.”

కోచ్ సాబ్ గుండె మీద చేయి పెట్టుకుని తల వంచాడు. “అమ్మీజాన్, మా ఇంట్ల బిడ్డలు గూడ గంతే. ఆ సంగతి నా నోట రాది.”

ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. తన దగ్గర నేర్చుకునే మగపిల్లల చేతులు భుజాల దాకా మడిపించి, ఒక్కో బంతికీ మోచేయి చూసేవాడట. మీ పెద్దమ్మ వంతు వస్తే బంతి పడిన చోటు మాత్రమే చూసేవాడు. అది ఇంటి పద్ధతి, పరాయి ఆడపిల్ల చేతి వంక చూసి మాట్లాడకూడదనే మర్యాద. మేము ఆయన మర్యాద చూసి మురిసిపోయాం.

ఇక ఆపై సంగతులు తొందరగా చెప్తాను. జిల్లా అయింది, రాష్ట్రం అయింది. టీము వాళ్ళు బట్టలిచ్చినా నిండు చేతులవే అడిగి తీసుకునేది. ఎండకు నల్లబడతానని భయమేమో అని తోటి పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది. ఒకనాడు దేశం టీములో పేరు వచ్చింది. మన చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. చర్చిలో పేరు చదివి ప్రార్థన చేశారు. మా అత్త అప్పటికి మంచంలో ఉంది. కబురు చెప్తే “అంగి ఇస్త్రీ చేసి పంపు” అంది. ఆ ఎండాకాలంలోనే పోయింది. జరగబోయేది చూడకుండా పోవడమే మంచిదైంది.

అప్పుడు ఆడపిల్లల మ్యాచులు టీవీలో వచ్చేవి కావు. ఎక్కడెక్కడికో పోయి ఆడేది, రాత్రి ఫోన్ చేసేది. “ఇయ్యాల మూడు తీసిన అమ్మా” అనేది. “మంచిదా, చెడ్డదా?” అని అడిగేదాన్ని. ఆమె నవ్వేది. నాకు ఆ ఆట చివరిదాకా అర్థం కాలేదు బిడ్డా. ఆమె గొంతు బట్టి మంచో చెడో తెలుసుకునేదాన్ని. అలా రెండు మూడేళ్ళు గొంతు బాగానే ఉంది.

వేరే దేశంలో ఆడుతున్నప్పుడు ఒక ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం పూట, మామూలుగా చేసే వేళ కాదు. నేను మిషన్ మీద ఉన్నాను.

“అమ్మా, నన్ను బట్టా అన్నరు.”

“ఎవరు?”

“అంపైర్లు. రాసి పైకి పంపిండ్రు.”

నాకు మండిపోయింది. “చేతులు మొత్తం కప్పుకొనే ఉంటివి గద బిడ్డా. ఇంక ఏం బట్ట కావాల్నంట వాళ్ళకు? ఆడ అందరు మోకాళ్ళ పైకి ఏసుకొని తిరుగుతరు, వాళ్ళను అనరా?”

అవతల నవ్వింది. ఆగకుండా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నేను బిడ్డా, బిడ్డా అంటూ ఉన్నాను. కాసేపటికి ఊపిరి తీసుకుని, బట్టా అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు వెనక ప్లాట్లలో పిల్లలు ఎందుకు అరిచేవాళ్ళో కూడా అప్పుడే చెప్పింది.

“మరి నీకు గప్పుడే తెల్సా?”

“తెల్సు. నానమ్మ అంగి అంగి అని లొల్లి పెడుతుంటె నవ్వొచ్చింది. కానీ అది ఏసుకున్నంక అర్సుడు బంద్ అయింది గదమ్మా. ఇగ మంచిదే గదా అనుకున్న. తర్వాత చెయ్యి సక్కగైంది, గందుకే ఎవ్వరు అంటలేరు అనుకున్న. నా మోచెయ్యి నాకెట్ల కనబడుతది?”

ఆమెను టీములోంచి మధ్యలోనే పంపేశారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో పరీక్ష పెట్టారు. చేతులు లేని బనీను వేయించి, చేయి పొడవునా బిళ్ళలు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి బంతులు వేయించారట. ఆ చేతికి ఎప్పుడూ ఎండ తగలలేదు కదా, పైనంతా తెల్లగా, మణికట్టు దగ్గర నల్లగా. “నా చెయ్యే నాకు వేరేటోళ్ళ చెయ్యి లెక్క కొట్టిందమ్మా” అని చెప్పింది. ఆ కెమెరాల్లో తేలిపోయింది. బంతి వదిలేటప్పుడు మోచేయి ఉండాల్సినదానికంటే ఎక్కువ వంగి తెరుచుకుంటోంది. చేయి సరి చేసుకుని మళ్ళీ పరీక్ష పాసయ్యేదాకా బౌలింగ్ వేయొద్దని చెప్పారు.

పేపర్లో ఒక మూల వచ్చింది. ఫ్లెక్సీ కట్టినప్పుడు పేపరు చదవని వాళ్ళు కూడా ఆ మూల చదివారు. నేను పాలకు పోతే చాయ్ హోటలాయన అడిగాడు. “ఏందమ్మా, బిడ్డ ఇన్నొద్దులు బట్టా కొట్టిందంట గదా?” పక్కనున్నవాళ్ళు నవ్వారు. చర్చిలో ఒకామె నా పక్కన కూర్చుని చేయి పట్టుకుని చిన్నగా అడిగింది, “అక్కా, అది మోసం కిందికి వస్తదా?” అని. రాదు అన్నాను. ఆమె నా చేయి వదల్లేదు, నిమిరింది. చాయ్ హోటలాయన మాట కంటే ఆ నిమరడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మీ పెద్దమ్మకు ఇక ఒక్కటే ధ్యాస. మళ్ళీ పరీక్షకు పోవాలి, పాసవ్వాలి, బంతి చేతికి తీసుకోవాలి. దొంగ అన్న పేరు పోవాలి. అన్నం ముందు కూర్చున్నా చేయి గాలిలో తిప్పుతూ ఉండేది. మీ అమ్మ “అక్కా, పప్పు చల్లారుతది” అంటే వినేది కాదు.

కోచ్ సాబ్ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు. చాయ్ ఇస్తే ముట్టలేదు.

“మగపోరడైతే మొదటి రోజే చూస్తుంటి. చెవి పట్టుకొని చెప్తుంటి. అదబ్, మర్యాద అనుకున్నమ్మా. మీ ఇంటి అదబ్.”

“మీ తప్పేమున్నది సార్.”

“తప్పు కాదు. కానీ చూడలే గదా.”

మీ పెద్దమ్మ లోపల్నించి వచ్చింది. చేతులు లేని బనీను వేసుకుని ఉంది. మా ఇంట్లో ఆమెను అలా చూడటం అదే మొదలు. ఆయన కళ్ళు దించుకున్నాడు.

“ఇప్పుడు సూడుండ్రి సార్. సూడకుంటే ఎట్ల?” అంది.

ఆయన తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

అప్పటినుంచి పొద్దున కంపెనీ బస్సులు కదలకముందే గ్రౌండ్‌కు పోయేవాళ్ళు. ఆయన ప్లాస్టిక్ పైపును నిలువునా కోసి, లోపల గుడ్డ పరిచి, ఆమె మోచేయికి కింద పెట్టి కట్టేవాడు. చేయి వంచితే పైపు అంచు కోస్తుంది. అలా వంచకుండా వేయడం నేర్పించాడు. ఆమె ఇంటికొస్తే చేయి ఎర్రగా వాచి ఉండేది. నేను ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టేదాన్ని. పళ్ళు బిగించుకునేది కానీ అబ్బా అనేది కాదు. “ఇంత కష్టమెందుకు బిడ్డా, బ్యాటింగ్ చెయ్యరాదా?” అని ఒకసారి అన్నాను. నన్ను ఎట్లా చూసిందంటే, మళ్ళీ ఆ మాట అనలేదు.

చలికాలం పోయి ఎండలు ముదిరాక రెండో పరీక్ష జరిగింది. ఫోన్ వచ్చింది. “పాస్ అయిన అమ్మా” అంది. నేను చౌరస్తాకు పోయి, అవసరం లేకపోయినా ఆ చాయ్ హోటల్లోనే పాల ప్యాకెట్టు కొని, “మా బిడ్డ చెయ్యి సక్కగున్నదని రాసిచ్చిండ్రు” అని చెప్పి వచ్చాను. ఆయన “మంచిదమ్మా” అన్నాడు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో రాష్ట్రాల మధ్య మ్యాచ్. దేశం టీముకు పిల్లల్ని ఎంచుకునేవాళ్ళు చూడటానికి వస్తారట. “ఈసారి నువ్వు రా అమ్మా” అంది. అన్నేళ్ళలో నేను ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. అప్పటికి మీ తాత లేడు, మీ అమ్మకు పరీక్షలు. కోచ్ సాబ్‌ను రమ్మంటే “నా గుండెకు తాకత్ లేదమ్మా, మీరు పోయి రాండ్రి” అన్నాడు. చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, బస్సెక్కి ఒక్కదాన్నే పోయాను.

గ్రౌండ్‌లో జనం లేరు. మెట్ల మీద అక్కడక్కడా మనుషులు. ఒక చోట ఆడపిల్లలు గుంపుగా కూర్చుని ఉంటే తోడుగా ఉంటుందని పోయి వాళ్ళ పక్కన కూర్చున్నాను. మీ పెద్దమ్మ బంతి పట్టుకుంది. పొట్టి చేతుల అంగి. చేయి ఇప్పుడు భుజం నుంచి మణికట్టు దాకా ఒకే రంగు. పరుగెత్తుకొచ్చి వేసింది. చేయి కర్రలా నిటారుగా పైకి లేచి దిగింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ బంతి ఠపామని పైకి లేచి, గాలిలో చాలా ఎత్తుకు పోయి, గ్రౌండ్ చుట్టూ వేసిన తాడు అవతల పడింది. పక్కనున్న పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను కూడా లేచి కొట్టాను. నా బిడ్డ వేసిన బంతి అంత దూరం పోయిందని కొట్టాను. ఇంకోటి వేసింది. అది కూడా పోయింది. మళ్ళీ కొట్టాను, ఈసారి అందరికంటే గట్టిగా.

పక్క పిల్ల నా వైపు వింతగా చూసింది. మాట బట్టి కోస్తా వైపు పిల్ల.

“ఆంటీ, మీరు మా టీమ్‌లో ఎవరి తాలూకండీ?”

“ఆ బాల్ ఏసే పిల్ల తల్లిని.”

ఆ పిల్ల మొహం మారిపోయింది. పక్కవాళ్ళను మోచేత్తో పొడిచి కూర్చోబెట్టింది. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. “ఆంటీ, మీ అమ్మాయి బాల్‌నే మావాళ్ళు కొడుతున్నారండీ. అలా బయట పడితే మీ అమ్మాయికి దెబ్బ.”

నేను చేతులు కొంగులో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లలు మంచివాళ్ళు. ఆ తర్వాత బంతి తాడు దాటినప్పుడు నా వైపు ఒకసారి చూసి, చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టారు. కొంచెంసేపటికి మీ పెద్దమ్మ చేతిలోంచి బంతి తీసుకుని ఇంకొకరికి ఇచ్చారు. మళ్ళీ ఆమెకు ఇవ్వలేదు. దూరంగా తాడు పక్కన నిలబెట్టారు. అక్కడ నిలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తూ ఉంది, సాయంత్రం దాకా.

బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. లింగంపల్లి దాటాక ఆమె నా వైపు తిరిగింది.

“నువ్వు చప్పట్లు కొడుతుంటె సూసిన” అంది.

“నాకు తెల్వక బిడ్డా.”

“తెల్సు. ఆ పిల్లలు కొట్టింది గూడ కరెక్టే. కొట్టాల్సిన బాల్సే అవి.” కిటికీలోంచి బయటికి చూసింది. “పాసైన బాల్ గదేనమ్మా. సక్కగ వస్తది, సక్కగ పోతది. తిరగది.”

పటాన్‌చెరులో దిగి ఆటో ఎక్కాం.

అది జరిగిన కొన్నాళ్ళకు, ఒక పగటిపూట, డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. అప్పటికి పైన గదులు కట్టలేదు. ఆమె పాత బంతి ఒకటి పట్టుకుని పైకొచ్చింది.

“అమ్మా, ఆ పిట్టగోడ కాడ జెర నిలబడు. చిన్నప్పటి లెక్క ఏసి సూస్త. ఎవ్వరు లేరు గదా.”

నేను చేట పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. రెండడుగులు వేసి విసిరింది. బంతి నేల మీద పడి, తిన్నగా వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. తీసి ఇచ్చాను. మళ్ళీ వేసింది. మళ్ళీ తిన్నగానే వచ్చింది. ఈసారి కళ్ళు మూసుకుని వేసింది. బంతి పోయి మిరపకాయల్లో పడింది.

“ఇంగొకసారి ఏసి సూడు బిడ్డా. నడుమ కొన్నొద్దులు ఏయలే గదా, గందుకేమో.”

“లేదమ్మా. చెయ్యి మర్శిపోయింది.” మోచేయిని ఇంకో చేత్తో పట్టుకుని, వంచి, చాపి చూసుకుంది. “బాల్ ఏసేటప్పుడు వంచుదామంటె అది వంగుతలేదు. పైపు కట్టినట్టే పోతున్నది.”

ఆమె ఒంగి, మిరపకాయల్లోంచి బంతి తీసి, పక్కకు పోగైన కాయల్ని మళ్ళీ పలచగా పరిచింది. ఘాటుకు ఇద్దరం దగ్గాం. తర్వాత ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. మిరపకాయలు పట్టిన చేయి కదా, మండింది. నేను కిందికి తీసుకుపోయి నీళ్ళు పోసి కడిగాను. కడిగిన తర్వాత కూడా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మంట పోలేదా అంటే పోలేదు అంది. నేను ఇంకో చెంబు పోశాను.